మనవాడే కదా అని ఇంజిన్ ఇప్పించినాము

మన ఇండ్లలో బండి చెడితే మొదట వచ్చే మాట ఒకటే: "మనవాడు ఎవరన్నా ఉంటే చూడండప్పా." పెండ్లికి వంటవాడు కావాలన్నా, బోరు వేసేవాడు కావాలన్నా, పండ్ల డాక్టరు కావాలన్నా అదే మాట. తరాలుగా కోలారు జిల్లాలో ఉంటూ, బయట కన్నడము, ఇంట్లో తెలుగు మాట్లాడే మనకి ఈ "మనవాడు" అనే మాట పెద్ద ధైర్యం. పోయిన సంవత్సరం ఆ ధైర్యంతోనే మా నాయన కారు ఇంజిన్ని ఒకాయన చేతిలో పెట్టినాము. జరిగింది చెప్తాము, దాని మీద మా అభిప్రాయం కూడా చెప్తాము. మా మామకి ఇది నచ్చదు. ఆయన చదువుతాడని తెలిసే రాస్తా ఉన్నాము.

కారు 2012లో కొన్నది. పెట్రోలు బండి, నాలుగు సిలిండర్లు, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. నాయన రిటైరైనప్పుడు చేతికి వచ్చిన దుడ్డుతో ఆయన తన పేరు మీద కొనుక్కున్న మొదటి బండి అది, చివరి బండి కూడా అదేనని ఆయనే అంటాడు. చిత్తూరులో పెండ్లి చూసుకొని ఐదుగురం తిరిగి వస్తా ఉంటే, మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు వేడి చూపించే ముల్లు పైకి పోయింది. ఏ.సి. ఆపినాము. బండి ఆపలేదు. "ఇంకెంత దూరం, పలమనేరు పోయి నిలుపుదాము" అన్నాడు నాయన. మేమూ సరే అన్నాము. కొంచెం సేపటికి ముల్లు తనంతట తానే కిందికి దిగింది. చల్లబడింది అని సంతోషపడినాము. రేడియేటరులో నీళ్ళే లేకపోతే ముల్లు అట్లే దిగుతుందని, సెన్సరు నీళ్ళలో మునిగి ఉంటేనే సరిగ్గా చెప్తుందని మాకు తర్వాత తెలిసింది. పలమనేరు చేరేలోపలే బండి ఊపిరాడనట్ల కొట్టుకొని నిలిచిపోయింది. వెనక తెల్ల పొగ.

ఇక్కడ మొదటి తప్పు మాదే అని ఒప్పుకోవాల. కూలెంట్ పోయాల్సిన చోట ఏండ్ల తరబడి ఇంటి బోరు నీళ్ళు పోసినాము. మన కోలారు బోరు నీళ్ళు ఎట్లాంటివో అందరికీ తెలుసు, ఇంట్లో గిన్నె అడుగున తెల్లగా పొరకట్టేదే రేడియేటరు గొట్టాలలో కూడా కట్టింది. దాన్ని పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. ఘాట్ ఎక్కితే తెలుస్తుంది.

బండిని కోలారు హైవే పక్కన ఒక షెడ్డుకి ఎత్తించినాము. ఆయన పేరు చెప్పము. మామ చెప్పిన మనిషి, మన తెలుగు మాట్లాడే మనిషి, మామ అత్తగారి ఊరి పక్కూరాయన. పోయిన వెంటనే కుర్చీ వేసినాడు, టీ తెప్పించినాడు, మా తాత పేరు చెప్తే "ఓ, వాళ్ళా!" అన్నాడు. ఆ ఒక్క మాటకే సగం పని అయిపోయినట్ల అనిపించింది. బానెట్ తెరిచి, ఆయిల్ పుల్ల తీసి చూసి, పది నిమిషాలలో చెప్పేసినాడు: "ఫుల్ ఇంజిన్ పోయింది సార్. లక్షా పదివేలు అవుతాది. మీరు మనవాళ్ళు కాబట్టి ఈ రేటు. నలభై అడ్వాన్స్ ఇస్తే రేపే దింపుతాను."

మేము బేరమాడినాము. లక్షా పది తొంభైకి వచ్చింది, అడ్వాన్స్ ఇరవై ఐదుకి వచ్చింది. గెలిచినాము అనుకొని ఇంటికి వచ్చినాము. మూటలో ఏముందో అడగకుండా మూటకి బేరమాడినాము అని ఆ రాత్రి ఎవరికీ తోచలేదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం మాది. ఆఫీసులో ఒక బటన్ పని చేయలేదని ఎవరన్నా చెప్తే, ఏ ఫోనులో, ఏం నొక్కితే, ఎన్నిసార్లు అని అడగకుండా ఒప్పుకోము. తప్పు మళ్ళీ కనిపించేటట్ల చేసి చూపించాల. చూపించకపోతే ఆ ఫిర్యాదు వెనక్కి పోతుంది. అట్లాంటి మేము లక్ష రూపాయల ఇంజిన్ విషయంలో "ఏం చూసి చెప్తా ఉండారు అన్నా?" అని ఒక్క మాట అడగలేదు.

అడగదగ్గ మాటలు చాలా ఉన్నాయి. ఇంజిన్ ఇప్పకముందే లోపల ఏం పోయిందో చాలావరకు తెలుసుకొనేకి అవుతుంది. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి ఇంజిన్ తిప్పితే ఒక్కొక్క సిలిండరు ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో అంకె కనిపిస్తుంది. బాగుండే పెట్రోలు ఇంజిన్‌లో అది దాదాపు 150 నుంచి 190 పి.ఎస్.ఐ. మధ్యలో ఉంటుంది, కానీ అంకె కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మాత్రం బాగా తగ్గితే, ఆ సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలుస్తారు. ఒత్తిడి పెరిగితే రింగులు అరిగినాయని, పెరగకపోతే వాల్వులో గాస్కెట్టో అని అర్థం. ఇంకొక పరీక్ష ఉంది, అది మాకు చాలా నచ్చింది: సిలిండరులోకి కంప్రెసర్ గాలి ఎక్కించి, చెవి పెట్టి వినేది. గాలి సైలెన్సరులో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. గాలి పీల్చే గొట్టంలో వినిపిస్తే ఇన్లెట్ వాల్వు. ఆయిల్ పోసే మూత కాడ వస్తే రింగులు. రేడియేటరు నీళ్ళలో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్. దీనికి పెద్ద కంప్యూటరు వద్దు, ఒక గేజి, ఒక కంప్రెసరు చాలు. పంక్చరు అంగడిలో కూడా కంప్రెసరు ఉంటుంది.

వీటిలో ఒక్కటీ జరగలేదు. ఆయిల్ పుల్ల మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ లాగ ఉంటే నీళ్ళు కలిసినాయని చెప్పొచ్చు. మా బండిలో ఆయిల్ నల్లగానే ఉంది, మేమే చూసినాము. అయినా ఇంజిన్ దింపినారు, మొత్తం ఇప్పినారు.

తర్వాత ఐదు వారాలు గడిచినాయి. "లేత్‌లో ఉండాది." "సామాను రావాల." "పిల్లోడు ఊరికి పోయినాడు." మధ్యలో ఒక రోజు ఫోన్ చేసి, "సార్, ఇది బాగు చేసేదానికంటే సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేసేస్తాము, నలభై ఐదుకి మంచిది ఉండాది" అన్నాడు. దీనికి మాత్రం మేము ఒప్పుకోలేదు, అదీ తెలివితో కాదు, నాయన మొండితనంతో. "నా ఇంజిన్ నాకు కావాల" అన్నాడు. ఇంజిన్ మారిస్తే ఆర్.టి.ఓ. అనుమతి తీసుకొని ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కించాల, ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పాల. ఆ ఇంజిన్ ఏ బండిదో, దానికి బిల్లు ఉందో లేదో చూడకపోతే దొంగ బండి ఇంజిన్ మన బానెట్ కింద ఉన్నా మనకి తెలీదు. "ఆ నంబరు సంగతి ఎవరు చూస్తారు సార్" అన్నాడాయన. ఆ మాటతో మాకు మొదటిసారి భయం వేసింది.

చెప్పకుండా ఒక శనివారం షెడ్డుకి పోయినాము. ఇంజిన్ బ్లాకు రేకుల షెడ్డు అంచున, సగం వానలో ఉంది. పిస్టన్లు, బోల్టులు, బేరింగులు ఒక ప్లాస్టిక్ టబ్బులో అన్నీ ఒకటిగా కలిపేసి ఉన్నాయి, ఏది ఏ సిలిండరుదో గుర్తు లేదు. థర్మోస్టాట్ ఏది అంటే "గుజరీకి ఏసేసినాము" అన్నాడు. హెడ్ లేత్‌కి పోనే లేదు, అక్కడే మూలలో గోనె సంచి కింద ఉంది. నాయన ఏమీ అనలేదు. వంగి సిలిండరులో వేలు పెట్టి తుడిచినాడు, వేలికి తుప్పు అంటింది. ఆయన మొహం చూడలేక మేము పక్కకి తిరిగినాము.

అడ్వాన్స్ వెనక్కి రాలేదు. రసీదు ఉంటే కదా. ఎస్టిమేట్ కాగితం లేదు, బిల్లు లేదు, వాట్సాప్‌లో కూడా అన్నీ ఫోన్ మాటలే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, జిల్లా కమిషన్ ఉంది, కానీ అక్కడ పెట్టేకి మా దగ్గర ఒక చీటీ కూడా లేదు. మనవాడు కదా, చీటీ అడిగితే ఏమనుకుంటాడో అని.

మేము చెప్పదలచింది ఇదే. మనవాడు అయితే అన్నీ చనువుగా అడగొచ్చు అని అనుకుంటాము, నిజంగా జరిగేది దానికి తిరుగుడు. తెలియనివాడిని "ఏం చేస్తావు, ఎంత తీసుకుంటావు, రాసియ్యి" అని నోరు తెరిచి అడుగుతాము. మనవాడిని అడిగేకి మొహమాటం. కన్నడంలో దాక్షిణ్య అంటాము. ఆయన టీ తాగినాము, తాత పేరు చెప్పినాము, ఇంక కాగితం అడిగితే నమ్మకం లేనట్ల అవుతుంది అని నోరు కట్టుకుంటాము. మోసగాడికి మన మాట రావాల్సిన అవసరం ఎంతో లేదు, మన మొహమాటం ఒకటి ఉంటే చాలు. ఆయన మోసగాడే అని కూడా మేము గట్టిగా అనము. చేత కాని పని ఒప్పుకొని, అడ్వాన్స్ ఇంకో బండికి ఖర్చు పెట్టేసి, దాన్ని చెప్పేకి ఆయనకీ మొహమాటం అయ్యుండొచ్చు. మనవాళ్ళే కదా ఇద్దరమూ.

మామ వాదం వేరే. "మీ తాత కాలం నుంచి మనవాళ్ళ దగ్గరనే పని చేయించినాము, ఒక్క రూపాయి పోలేదు" అంటాడు. అది నిజమే. తాత బావికాడ చేత్తో తిప్పి స్టార్ట్ చేసే ఆయిల్ ఇంజిన్ ఉండేది. చింతామణి నుంచి ఒక మేస్త్రీ సైకిలు మీద వస్తా ఉన్నాడంట. తాత లెక్కల పుస్తకంలో ఆయన పేరు ఏండ్ల తరబడి కనిపిస్తుంది: రింగులకి ఇంత, నాజిల్‌కి ఇంత, మేస్త్రీకి రాగులు ఒక మూట, ఉగాదికి పంచె. ఒకసారి "మేస్త్రీ తప్పు, దుడ్డు లేదు" అని కూడా రాసి ఉంది. అంటే తాత మొహమాటపడలేదు. బావికాడ తుండుగుడ్డ పరిచి, ఇప్పిన సామాను వరసగా పెట్టించి, పక్కనే కూర్చొని చూసేవాడని అవ్వ చెప్పేది. ఆ మేస్త్రీ మళ్ళీ వచ్చే పంటకి అదే బావికాడికి రావాల, అదే తాత మొహం చూడాల. చుట్టూ పది బావులవాళ్ళకి కూడా ఆయనే మేస్త్రీ, ఒక్క బావికాడ మాట పడితే పది బావులు పోతాయి. మాట ఒకటే కాబట్టి ఆయన నిజాయితీగా ఉండలేదు. మళ్ళీ మళ్ళీ మొహం చూడాల్సి వచ్చింది కాబట్టి ఉన్నాడు. హైవే పక్క షెడ్డులో ఆ కట్టు లేదు. మనకి మిగిలింది మాట ఒకటే. కట్టు కూడా మిగిలినట్ల మనం నడుచుకుంటా ఉన్నాము.

మధ్యలో కంపెనీ సర్వీసు సెంటర్ని కూడా అడిగినాము. వాళ్ళు అచ్చు వేసిన కాగితంలో రాసిచ్చినారు, అదైతే మెచ్చుకోవాల: కింది భాగం మొత్తం కొత్తది, హెడ్ కొత్తది, పన్నుతో కలిపి బండి ధరకి దగ్గర దగ్గర. అరిగినదాన్ని కొలిచి బాగు చేసే పని అక్కడ పెట్టుకోలేదు, మొత్తం మార్చేదే పద్ధతి. కొత్త బండికి అది సరే, పదేండ్లు దాటిన బండికి కాదు. బండి అమ్మేయండి అని మా అన్న అన్నాడు. లెక్కకి ఆయన మాట తప్పు కాదు. నాయన ఆ రోజు అన్నం తినలేదు.

చివరికి కె.జి.ఎఫ్.లో ఒకాయన దొరికినాడు. 2001లో బంగారు గనులు మూసినాక అక్కడి మనుషులలో చాలామంది పనికి రోజూ రైలెక్కి బెంగళూరు వస్తారు కదా, మా ఆఫీసులో ఒకతను అట్లే వస్తాడు, అతను చెప్పిన మనిషి. గని వర్క్‌షాపులో పని నేర్చినవాళ్ళ దగ్గర పని నేర్చుకున్నాడంట. ఇంట్లో తమిళం. మాకు తమిళం రాదు, మాటంతా కన్నడంలో జరిగింది. కుర్చీ వేయలేదు, టీ ఇవ్వలేదు. "ఎంత అవుతుంది?" అంటే, "అళతె నోడదె హేళక్కాగల్ల" అన్నాడు. కొలవకుండా చెప్పేకి కాదు అని. మూడు రోజులు ఆగమన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మనిషి మాకు మొదట నచ్చలేదు.

మూడో రోజు పిలిచినాడు. బోర్ గేజి పెట్టి ప్రతి సిలిండరుని పైన, నడుమ, కింద, అడ్డంగా నిలువుగా కొలిచి మాకే చదవమన్నాడు. అరుగుదల పరిమితిలోపలే ఉంది. తుప్పు తుడిచినాక ఫ్యాక్టరీలో వేసిన సన్న అడ్డగీతలు గోడ మీద ఇంకా కనిపిస్తా ఉన్నాయి. తర్వాత హెడ్ మీద ఉక్కు పట్టీ నిలబెట్టి, దాని కింద సన్న రేకు దూర్చి చూపించినాడు. 0.15 మిల్లీమీటర్ల రేకు దూరింది. అంటే రెండు వెంట్రుకల మందం వంకర. ఇట్లాంటి అల్యూమినియం హెడ్‌కి 0.05 దాటితేనే ఫేసింగ్ చేయించాల అన్నాడు. అంతే జబ్బు. వేడికి హెడ్ వంగింది, గాస్కెట్ ఒక చోట కాలింది. ఫుల్ ఇంజిన్ పోనే లేదు.

పెన్నుతో ఒక కాగితం మీద కన్నడంలో రాసిచ్చినాడు. మేము చదువుకున్నది కన్నడ మీడియంలో, ఆ కాగితంలో ప్రతి వరసా అడ్డం లేకుండా చదివినాము. మొదటి షెడ్డులో మన తెలుగులో తియ్యగా విన్నదాంట్లో ఒక్క వరస కూడా మా చేతిలో లేదు. హెడ్ పగుళ్ళు ఉన్నాయేమో ప్రెషర్ పెట్టి చూసేది, ఫేసింగ్, వాల్వులు కూర్చోబెట్టేది, గాస్కెట్ సెట్, కొత్త హెడ్ బోల్టులు, వాటర్ పంపు, థర్మోస్టాట్, కూలెంట్. పాత బోల్టులు బాగానే ఉన్నాయి కదా అంటే, ఈ ఇంజిన్‌లో ఒకసారి బిగిస్తే సాగే రకం, మళ్ళీ వేస్తే పట్టు ఉండదు అన్నాడు. కింద ఇంకో రెండు వరసలు: రింగులు, బేరింగులు. వాటి పక్కన "ఇప్పినందుకు" అని రాసినాడు. ఇప్పకుండా ఉండి ఉంటే అవి అక్కర లేదు, ఇప్పి కలిపేసినాక పాతవి వేసేకి ధైర్యం లేదు అని. మొత్తం 38,000. సామాను మేమే జె.సి. రోడ్డులో కొని తెచ్చినాము, బిల్లులతో. లేత్ బిల్లు లేత్ అంగడివాళ్ళ పేరుతోనే వచ్చింది. పాత సామాను సంచిలో కట్టి ఇచ్చినాడు.

ఈయన దేవుడేమీ కాదు. చెప్పిన తేదీకి తొమ్మిది రోజులు ఎక్కువ తీసుకున్నాడు, ఫోన్ ఎత్తడు, ఎత్తితే విసుక్కుంటాడు. జి.ఎస్.టి. బిల్లు అడిగితే మొహం ముడిచినాడు. కానీ ఆయన మంచివాడా కాదా అని మేము తేల్చుకోవాల్సిన పనే రాలేదు. కొలత మా కండ్ల ముందర ఉంది, కాగితం చేతిలో ఉంది, పాత ముక్కలు సంచిలో ఉన్నాయి. మొదటాయన దగ్గర మాత్రం మంచివాడు అనే ఒక్క మాట తప్ప ఇంకేమీ లేదు.

కాబట్టి మన పిల్లలకి మేము చెప్పేది, మనవాళ్ళ దగ్గరికి పోవద్దని కాదు. పోండి, టీ తాగండి, తాత పేరు చెప్పండి. తర్వాత "అన్నా, ఏం చూసి చెప్తా ఉండావు, చూపించు" అని అడగండి. దానికి కోపం వస్తే మీ బండి మీరు ఎత్తుకొని రండి. ఇప్పకముందు ఒక అంకె, ఇప్పినాక ఒక అంకె చెప్పేవాడు దొంగ అని కూడా అనుకోవద్దు. ఇప్పకముందే ఒకే అంకె గట్టిగా చెప్పేవాడి దగ్గర ఎక్కువ జాగ్రత్త. అడ్వాన్స్ ఇస్తే సామాను బిల్లుకి ఇవ్వండి, మనిషికి కాదు.

పని అయినాక మొదటి వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ మార్చినాము, రోజూ పొద్దున కూలెంట్ గీత చూసేది నాయన పని అయింది. ఇప్పుడు బండి 1,46,000 దాటింది. మళ్ళీ చిత్తూరుకి పోయి వచ్చినాము. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు నాయన రోడ్డు చూడలేదు, ముల్లునే చూస్తా కూర్చున్నాడు, అది సగం కాడనే నిలిచింది.

మామ పెద్దల పండగకి రాలేదు. "నేను చెప్పిన మనిషిని దొంగ చేసినారు" అని అత్త దగ్గర అన్నాడంట. దొంగ అని మేము అనలేదు మామా, పైన ఇంకోసారి చదువు. ఆ ఇరవై ఐదు వేలు నీ దగ్గర అడగము, ఆయన్నీ ఇంక అడగము. పాత గాస్కెట్‌ని నాయన పారేయనీలేదు, తాత లెక్కల పుస్తకం పెట్టే అల్మారా పక్కన మేకు కొట్టి తగిలించినాడు. కాలిన చోటు రెండో సిలిండరు పక్కన, నీళ్ళ దారికి ఆనుకొని ఉంది. చిటికెన వేలి గోరంత కూడా లేదు. వచ్చినప్పుడు చూపిస్తాము.